మూగవరస

పాటల మాస్టారు బాల్కనీలో స్టూలు మీద కూర్చుని మైకు తీగ చుడుతున్నాడు. ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందినుంచి. అలా చుడితే తీగ మెలిపడదు. నిన్న స్కూలు నుంచి సంచీనిండా పాత తీగలు మోసుకొచ్చి, ఊడిన కొసలకు టంకం వేసుకున్నాడు. పాటలు రికార్డు చేసే కొత్త మిషను వస్తే దానికి చాలా తీగలు కావాలి. కొత్తవి కొనమంటే స్కూలువాళ్ళు మొహం చిట్లిస్తారు. కాబట్టి పాత వాటికే మందూ మాకూ.

మనిషి సన్నగా, కాస్త వంగి ఉంటాడు. నుదుటి మీద జుట్టు ఎప్పుడో పోయింది. మిగిలిందాన్ని వెనక్కి దువ్వుకుంటాడు. ఎడమ దవడ కింద గోళీకాయంత నల్లటి మచ్చ ఉంది. వయసులో ఉన్నప్పుడు పొద్దస్తమానం వయొలిన్ అక్కడ ఒత్తుకుని సాధన చేసిన గుర్తు అది. రేడియోలో వాయించాలని ఉండేది అప్పట్లో. ఎవరో వద్దన్నారు, మరెవరో స్కూల్లో ఖాళీ ఉందన్నారు, ఆయన రెండింటికీ తల ఊపాడు. వయొలిన్ అటకెక్కింది గానీ మచ్చ మాత్రం పోలేదు. కొత్తవాళ్ళు పుట్టుమచ్చ అనుకుంటారు. ఆయన కాదనడు. కాదనడం ఆయన ఒంట్లోనే లేదు. నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలందరూ మెచ్చుకుంటారు, పిల్లనిచ్చిన మామగారితో సహా.

లోపల ఇస్త్రీ చేస్తున్న భార్య అడిగింది. "ఇవాళేనా ఆవిడ వచ్చేది?"

"ఊఁ. సాయంత్రం."

"రాత్రి బండికి వెళ్ళిపోతున్నారటగా. కింద వాటా ఆవిడ చెప్పింది. సామాన్ల లారీ కూడా వెళ్ళిపోయిందిట."

"ఊఁ."

"ఏం చెప్తారు మరి?"

"చూద్దాం."

ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగింది. "ఆ రోజూ ఈ చూద్దామే అన్నారు. అందుకే ఇంతదాకా వచ్చింది. ఉన్నమాట చెప్పేస్తే పోలా? ఏడిస్తే ఒకసారి ఏడుస్తుంది, అయిపోతుంది."

మాస్టారు ఆఖరి చుట్టు చుట్టి కొస ముడేశాడు. భార్య మాట చెవిలో పడింది, అర్థమైంది, అక్కడే ఉండిపోయింది. కొన్నాళ్ళుగా ఏదీ అంతకంటే లోపలికి పోవడం లేదు. తిండి రుచిగానే ఉంటుంది, నిద్ర పడుతుంది, పిల్లలు తప్పు పాడితే తెలుస్తుంది. అంతే. దానికేదైనా పేరుందేమో ఆయనకు తెలియదు. డాక్టరు దగ్గరకు వెళ్ళి చెప్పేటంత జబ్బు కూడా కాదు.

ఉన్నమాట ఇది. పోయినేడు పాటల బృందంలో ఒక పిల్ల ఉండేది. అందరూ వసపిట్ట అనేవారు. నిద్రలో తప్ప నోరు మూతపడని పిల్ల. బెల్లు కొట్టినా, టీచరు చెవి మెలిపెట్టినా ఆ కబుర్లు ఆగేవి కావు. మాట ఎంత ధారాళమో పాట అంత అడ్డదిడ్డం. శ్రుతి తూర్పంటే ఆ గొంతు పడమర. మొదటిరోజు ఒక్క చరణం పాడించి, మాస్టారు నవ్వేసి, భుజం తట్టి, తీసుకెళ్ళి చివరి వరసలో నిలబెట్టాడు.

ఏ స్కూలు పాటల బృందంలోనైనా శ్రుతి కలవని గొంతులు నాలుగైదు ఉంటాయి. తీసేస్తే తల్లిదండ్రులు ఊరుకోరు, ఉంచితే పాట ఊరుకోదు. అందుకని వాళ్ళను వెనక నిలబెట్టి, "మీరు నోరు కదపండర్రా, చాలు" అంటారు. చూసేవాళ్ళకు పిల్ల స్టేజీ మీద కనబడుతుంది, వినేవాళ్ళకు పాట పాడవకుండా ఉంటుంది. ఇది మాస్టారు కనిపెట్టిందేమీ కాదు. ఆయన గురువూ ఇలాగే చేశాడు, ఆ గురువుకు గురువూ చేసే ఉంటాడు. ఆ వరసకు మూగవరస అని పేరు పెట్టింది మాత్రం పిల్లలే. మాస్టారు పని ఇంకొకటి కూడా ఉంటుంది. పాట నడుస్తున్నంతసేపూ ఒక కన్ను ఆ వరస మీద వేసి ఉంచాలి. హుషారెక్కి ఎవరైనా గొంతు లేపబోతే కంటిచూపుతోనే నొక్కేయాలి.

వార్షికోత్సవంలో వసపిట్ట ఆ వరసలోనే నిలబడి వాన పాటకు నోరు కదిపింది. స్టేజీ ముందు ఒక్క మైకు పెట్టి ఆ పాట రికార్డు చేశారు. తరవాత సెలవులొచ్చాయి. సెలవుల్లో ఆ పిల్లకు జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. స్కూలు తెరిచేసరికి పిల్ల లేదు.

కొన్నాళ్ళకు తల్లి పాటల గదికి వచ్చింది. గుమ్మంలోనే చెప్పులు విప్పబోతే మాస్టారు వద్దన్నాడు.

"పాట రికార్డు చేశారట కదండీ. అందులో మా అమ్మాయి గొంతొక్కటీ వేరుచేసి ఇస్తారా?" అంది. "ఫోన్లో వీడియోలు చాలానే ఉన్నాయండి. అన్నీ అదే తీసింది. అందుకని వాటిల్లో మేమే ఉన్నాం. దాని నవ్వు వినబడుతుంది వెనకనుంచి. పాట లేదు. ఇంట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ వాన పాటేనండి. తలనొప్పిగా ఉంది, ఆపవే అనేదాన్ని."

అప్పుడే చెప్పేయాల్సింది. అమ్మా, ఆ రికార్డులో అందరి గొంతులూ ఉన్నాయి, మీ అమ్మాయిది తప్ప. వద్దన్నది నేనే అని. దానికి బదులు మాస్టారు, "అందరివీ కలిసిపోయాయమ్మా ఈ పాత మిషన్లో. కొత్తది వస్తే చూద్దాం," అన్నాడు. కొత్తది వస్తుందని కలలో కూడా అనుకోలేదు. పగిలిన డ్రమ్ము మార్చమంటే ఏళ్ళు పట్టిన స్కూలు అది. ఆవిడ మాత్రం ఆ మాట కొంగున కట్టుకుని వెళ్ళింది. ఆ తరవాత బజార్లో ఎక్కడ కనబడినా, "వచ్చిందా అండీ?" అని అడిగేది. ఇంకా రాలేదమ్మా అంటే, "పర్లేదండి, తొందరేం లేదు" అనేది. ఆమెను చూసి మాస్టారు వీధులు మార్చి నడవడం నేర్చుకున్నాడు.

ఇంతలో పక్క స్కూలు పిల్లల పాట వీడియో ఒకటి ఊరంతా తిరిగి, వీళ్ళ పెద్ద మేడంకి పౌరుషం వచ్చింది. మైకులు ఎక్కువ పట్టే మిషను కొనమని డబ్బు మంజూరు చేసేసింది. ఆ సంగతి తెలిసిన వారానికే వసపిట్ట నాన్నకు వేరే ఊరికి బదిలీ అయింది. మిషను కొనడం, ఆవిడ ప్రయాణం రెండూ కలిసి ఇవాళ్టి మీదికి వచ్చాయి.

ప్రార్థన అయ్యాక పెద్ద మేడం మాస్టారిని గదిలోకి పిలిచింది. టేబులు మీద అద్దం కింద వరసగా పాత విద్యార్థుల ఫోటోలున్నాయి.

"మాస్టారూ, కొంచెం నిండుగా ఉండేది చూడండి. స్టేజీ మీద పెడితే వెనక కుర్చీల వాళ్ళకి కూడా కనబడాలి. ఇచ్చిన డబ్బులోనే సుమా."

"అలాగేనండి."

"గ్యారంటీ కాగితం మర్చిపోకండి."

"అలాగేనండి."

మాస్టారి ఉద్యోగమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. ప్రమోషన్ ఈసారికి లేదన్నప్పుడూ అలాగేనండి, సంగీతం పీరియడ్లో లెక్కలు చెప్పుకుంటామన్నప్పుడూ అలాగేనండి.

వాద్యాల దుకాణం బజారు చివర మేడ మీద ఉంటుంది. మెట్లెక్కుతూంటేనే కొత్త వార్నిషు వాసన వస్తుంది. గోడలకు గిటార్లు వేలాడుతుంటాయి, వాటి ధరల చీటీలు ఫ్యాను గాలికి ఊగుతుంటాయి. కొట్టాయన భారీ మనిషి, నవ్వితే కౌంటరు కదులుతుంది. మాస్టారికి ఆయన దగ్గర వయొలిన్ తీగలు, ఫ్లూట్లు కొనే పరిచయం ఏళ్ళనాటిది.

"రండి మాస్టారూ, కూర్చోండి. ఎంతమంది పిల్లలు?"

"ముప్ఫైమంది దాకా. వాద్యాలు నాలుగు."

కొట్టాయన ముందు అరచేతిలో పట్టే డబ్బా ఒకటి తీశాడు. రెండు మైకులు పెట్టుకునే సందులున్నాయి. కంప్యూటరుకు తగిలించుకుంటే చాలట. ధర మరీ తక్కువ.

"ఇద్దరికే కదండీ ఇది?"

"ఇద్దరిద్దర్ని పిలిచి పాడించండి. పిల్లలు పెళ్ళీడుకొచ్చేలోపు పాట పూర్తవుతుంది," అని తన జోకుకు తనే నవ్వుకుని దాన్ని లోపల పెట్టేశాడు. ఆ తరవాత గుడ్డ కప్పి ఉన్న బల్ల దగ్గరకు తీసుకెళ్ళి, గుడ్డ లాగేశాడు. "ఇదీ మీకు కావాల్సింది."

మైకులన్నిటినీ కలిపే మిక్సరు. బల్లంత ఉంది. ఎర్రవీ నీలివీ మీటలు వరసలు తీరి ఉన్నాయి. ఎనిమిది మైకులు పడతాయి, పైగా తగ్గింపు ధర. పెద్ద మేడం చూస్తే మురిసిపోతుంది. మాస్టారు ఒక మీటను పైకీ కిందికీ జరిపాడు. వెన్నలా కదిలింది.

"ఎనిమిది మైకులు పెడితే, రికార్డయ్యాక ఎనిమిదీ విడివిడిగా వినొచ్చా?"

"పాడేటప్పుడు ఎవరిది ఎంత కావాలో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు."

"పాడేటప్పుడు కాదండీ. అయిపోయాక."

కొట్టాయన మెడ గోక్కున్నాడు. "అయిపోయాక... రెండే ఉంటాయి. కుడీ ఎడమా. మీ దగ్గర దాపరికమెందుకు? చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఎనిమిది బిందెల నీళ్ళు తెచ్చి ఒక తొట్టిలో పోసినట్టన్నమాట. పోశాక ఏ బిందెవి ఏవో ఎవరు చెప్తారు? అయినా స్కూలు పాటకి విడదీసి వినాల్సిన పనేముంది మాస్టారూ?"

మాస్టారు అద్దాల బీరువాలో అడుగు అరలో ఉన్నదాన్ని చూపించి అదేమిటన్నాడు.

అది మధ్యాహ్నం భోజనం డబ్బా అంత ఉంది. ఒక బ్యాండు వాళ్ళు కొని, వాడడం చేతకాక తిరిగిచ్చేశారట. దానికీ ఎనిమిది మైకులు పడతాయి. ఒక్కో మైకుకు ఒక చిన్న దీపం, ఒక బొత్తాం. లోపల కార్డు మీద ఒక్కో మైకుదీ ఒక్కో దారిగా రికార్డవుతుంది. బొత్తాం నొక్కితే ఆ ఒక్క మైకుదే వినబడుతుంది, మిగతా ఏడూ గప్‌చిప్. మాస్టారు దాన్ని కౌంటరు మీద పెట్టించి, రెండు మైకులు తగిలించి, ఒకదాంట్లో తను సరిగమలు పాడి, ఇంకోదాంట్లో కొట్టాయన చేత మాట్లాడించి, బొత్తాలు మార్చి మార్చి విన్నాడు. ధర మిక్సరుకు సమానం. అది కొంటే కొత్త మైకులు నాలుగే వస్తాయి, మిగతా నాలుగూ పాతవే వాడుకోవాలి.

"ఇది చూడ్డానికి ఏమీ ఉండదండీ. మీ మేడంగారు నన్ను తిడతారు," అంటూ కొట్టాయన తనే స్కూలుకు ఫోను కలిపి మాస్టారి చేతికిచ్చాడు.

"అంత చిన్నదా?" అంది పెద్ద మేడం. "ఆ పెద్దదే తీసుకోండి మాస్టారూ."

"కాదండీ. ఇదే కావాలి."

 మాస్టారి నోట కాదనే మాట రావడం మేడం అంతవరకూ వినలేదు. కొట్టాయన కూడా వినలేదు. మొహాన ఉన్న నవ్వు అలాగే ఉంచుకుని చూస్తున్నాడు.

"సరే, మీ ఇష్టం," అంది మేడం చివరికి.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక పట్టుబట్టి సాధించింది ఇదొక్కటే. అదీ అబద్ధమాడడానికి.

పథకం చిన్నదే. పాత రికార్డులోంచి ఏ మిషనూ ఏమీ తీయలేదు, తీసినా అందులో ఆ పిల్ల లేదు. కాబట్టి ఇవాళ మధ్యాహ్నం పిల్లల చేత వాన పాట పాడిస్తాడు. ఒక పిల్ల గొంతు వేరే మైకులో పట్టి, ఇదేనమ్మా మీ అమ్మాయిదని తల్లి చేతిలో పెడతాడు. ఆమె రాత్రి బండెక్కి వెళ్ళిపోతుంది. కన్నతల్లికి బిడ్డ గొంతు తెలియదా అంటే, మాట్లాడే గొంతు వేరు, పాడే గొంతు వేరు. గుంపులోంచి లాగింది కాబట్టి కాస్త తేడాగా ఉందని సర్దిచెప్పుకోవచ్చు. ఏ పిల్లన్నది కూడా అనుకునే ఉన్నాడు. మూగవరసలో వసపిట్ట పక్కన నిలబడే పిల్ల. అదే వయసు, అదే జీరగొంతు. వసపిట్ట ఎలా పాడిందో గుర్తు తెచ్చుకుందామని చూశాడు. ఆయన విన్నది ఒకే ఒక్క చరణం, అదీ నవ్వుతూ విన్నాడు. ఏమీ గుర్తు రాలేదు. సిగ్గేమైనా వేస్తోందా అని తనను తనే అడిగి చూసుకున్నాడు. పక్కసీటు ఆయన దిగిపోతూ కాలు తొక్కితే నొప్పి తెలిసింది. ఇది తెలియలేదు.

పాటల గది స్కూల్లో అన్నిటికంటే చివరది. ఒకప్పుడు సైన్సు ల్యాబు. గోడ పొడవునా ఇంకా నీళ్ళ తొట్లు ఉన్నాయి. వాటిలో ఇప్పుడు డ్రమ్ము పుల్లలు, విరిగిన స్టాండ్లు పడుకుని ఉంటాయి. మాస్టారు కిటికీలు మూసి, పాత దుప్పటి ఒకటి వాటికి అడ్డం కట్టి, ఎనిమిది మైకులూ పెట్టాడు. కీబోర్డుకొకటి, వయొలిన్‌కొకటి, ఫ్లూటుకొకటి, డ్రమ్ముకొకటి. ముందు వరసలకు మూడు. ఎనిమిదోది తీసుకెళ్ళి మూగవరస ముందు పెట్టాడు.

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు.

"మా ముందెందుకు సార్?" అందొక పిల్ల.

"నిలబడమ్మా."

చెయ్యి ఎత్తాడు. పాట మొదలైంది. మిషను మీద పచ్చటి దీపాలు వెలిగి ఆరుతున్నాయి. డ్రమ్ముది గెంతుతోంది, ఫ్లూటుది వణుకుతోంది. ఏడు దీపాలు ఆడుతున్నాయి. ఎనిమిదోది కదల్లేదు. తీగ ఊడిందేమోనని మాస్టారు వంగి చూశాడు. బాగానే ఉంది. తలెత్తి మూగవరస వైపు చూశాడు. ఐదుగురూ మైకుకు దగ్గరగా జరిగి, పెదాలు విప్పి, ముడిచి, పల్లవి దగ్గర కళ్ళు కూడా పెద్దవి చేసి, చక్కగా నోరు కదుపుతున్నారు. ఎక్కడా తప్పులేదు. చూస్తే పాడుతున్నారనే అనుకుంటారు.

ఆయన చెయ్యి దించేశాడు. పాట ఆగిపోయింది.

"పాడండర్రా," అన్నాడు.

"మేం మూగవరస కదా సార్."

"ఇవాళ పాడాలి."

"నిజంగానా?"

"నిజంగానే."

నలుగురిని ముందు వరసల్లో కలిపేసి, జీరగొంతు పిల్లనొక్కదాన్నే ఆ మైకు ముందు ఉంచాడు. ఆ పిల్ల జడ వెనక్కి వేసుకుని, చేతులు రెండూ లంగా మడతల్లో పెట్టుకుని నిలబడింది. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఎనిమిదో దీపం వెలగడమే ఎర్రగా వెలిగింది. అంత గట్టిగా పాడింది. పాట ఒక వీధిలో పోతూంటే తను పక్కవీధిలో పోయింది, మలుపుల దగ్గర ఎదురెదురు పడ్డారు, మళ్ళీ విడిపోయారు. ముందు వరసలో కొందరు కిసుక్కుమన్నారు. మాస్టారికి నవ్వు రాలేదు. ఈ గదిలో ఇన్నేళ్ళలో ఎంతమందిని అలా వెనక నిలబెట్టాడో తెలియదు. ఒక్కరి గొంతూ తెలియదు. ఆ ఆలోచన వచ్చి, ఒక క్షణం గుచ్చుకుని, పోయింది.

పాట అయ్యాక ఆ పిల్ల కదలకుండా నిలబడి, "బాగుందా సార్?" అంది.

"బాగుంది. ఇక పోండి, బెల్లయింది."

వసపిట్ట తల్లి వచ్చేసరికి స్కూలు ఖాళీ అయింది. ఆయా వరండా ఊడుస్తోంది. తల్లి ప్రయాణానికి ముస్తాబై, దుమ్ము కనబడని ముదురురంగు చీర కట్టుకుని వచ్చింది. భర్త స్టేషన్లో సామాన్ల దగ్గర ఉన్నాడట. మనిషి చిక్కింది. చేతి గాజులు మోచేతిదాకా జారిపోతున్నాయి. బల్ల మీదున్న చిన్న మిషనును చూసి, "ఇదేనా అండీ?" అంది. మరీ ఇంత చిన్నదా అనలేదు.

కుర్చీలో కూర్చుని, చేతిసంచీలోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది. "ఇందులో వేసివ్వమందామని కొత్తది కొన్నాను."

"ముందు వినండమ్మా," అన్నాడు మాస్టారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. హెడ్‌ఫోన్స్ ఇచ్చాడు. పెట్టుకోవడం తెలియక తిరగేసి పెట్టుకుంది. ఆయన సరిచేశాడు. ఎనిమిదో బొత్తాం నొక్కి, పాట నడిపించాడు.

ఆమె మొహం చూడకుండా ఉండడానికి దీపం వైపు చూశాడు. ఎర్రగా వెలుగుతోంది, ఆరుతోంది. ఆమె బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. పల్లవి అయింది, చరణం అయింది. పాట మొత్తం విన్నది. దీపం ఆరిపోయాక కూడా హెడ్‌ఫోన్స్ తీయలేదు. ఇంకేమైనా ఉందేమోనని వింటున్నట్టు తల కొంచెం పక్కకు వంచి, అలాగే ఉంది. తరవాత మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరండీ ఈ పాప?"

మాస్టారు మిషను వైపు తల తిప్పాడు. 

"మా పిల్ల కాదండి," అంది. కోపంగా అనలేదు. "హుషారుగా పాడుతోంది. పాపం, బాగా పాడుతున్నాననే అనుకుంటోంది."

"అమ్మా, మీ అమ్మాయి ఆ రోజు..."

"పాడలేదు. నాకు తెలుసండి."

వరండాలో చీపురు చప్పుడు దగ్గరకొచ్చి దూరమైంది.

"మొదటిరోజే ఇంటికొచ్చి చెప్పింది. అమ్మా, నన్ను మూగవరసలో పెట్టారు అని. ఏడుస్తుందేమో అనుకున్నా. ఏడవలేదు. నోరు ఎలా కదపాలో అద్దం ముందు నిలబడి చేసి చూపించింది. వాళ్ళ నాన్న చేత కూడా చేయించింది."

"తెలిసి కూడా నన్నెందుకు..." అన్నాడు మాస్టారు.

"అది నోరు మూసుకుని ఉండే రకమా అండీ?" అందామె. అనేటప్పుడు ఆ చిక్కిన మొహంలోకి ఒక్కసారి గర్వం వచ్చింది. "స్టేజీ, లైట్లు, చుట్టూ అందరూ పాడుతుంటే అది ఊరుకుంటుందా? ఎక్కడో ఒకచోట జారి ఉంటుంది. ఒక్క ముక్కయినా పాడేసే ఉంటుంది. ఆ ముక్క దొరికితే చాలనుకున్నాను. పాత మిషన్లో దొరకదేమో, కొత్తదైతే దొరుకుతుందేమో అని."

ఆమె ముందుకు వంగి సూటిగా ఆయన కళ్ళలోకి చూసింది.

"మీరు ఎదురుగానే ఉన్నారు కదండీ. ఒక్కసారైనా పాడిందా?"

అవునంటే అయిపోతుంది. అవునమ్మా, చివరి చరణంలో ఒకసారి గొంతు లేపింది, నేను విన్నాను అంటే చాలు. పెన్‌డ్రైవ్ అక్కర్లేదు, మిషనూ అక్కర్లేదు. మాస్టారి నాలుక మీదికి ఆ మాట వచ్చి నిలబడింది. కానీ ఆ రోజు పాట నడుస్తున్నంతసేపూ ఆయన ఒక కన్ను ఆ పిల్ల మీదే వేసి ఉంచాడు. వసపిట్ట కాబట్టి, నమ్మకం లేక, అందరికంటే దాన్నే ఎక్కువ చూశాడు. చివరి చరణంలో పిల్ల ఊపిరి నిండా తీసుకుంది. పాడేస్తుందనుకుని ఆయన కళ్ళు చిట్లించాడు. అది ఆయన వైపు చూసి, ఆ ఊపిరి అలాగే దిగమింగి, నోరు కదిపింది. కదుపుతూ నవ్వింది కూడా, చూశారా సార్, పాడలేదు అన్నట్టు. అది ఇప్పుడు స్పష్టంగా కనబడింది. చాలాకాలం తరవాత మాస్టారికి గుండెల్లో నొప్పి పుట్టింది.

"లేదమ్మా," అన్నాడు. "ఒక్కసారి కూడా పాడలేదు. నా మాట విన్నది."

"విన్నదా?"

"విన్నది."

 "ఇంట్లో ఎవరి మాటా వినేది కాదండీ. నా మాట సరే, వాళ్ళ నాన్న మాట కూడా." హెడ్‌ఫోన్స్ తీగ మెలిపడితే విప్పి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "మీరంటే చాలా ఇష్టంగా ఉండేది దానికి. మా సార్ మా సార్ అనేది."

"తప్పయిపోయిందమ్మా. పాడనివ్వాల్సింది," అన్నాడు మాస్టారు.

ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచింది. "బండికి టైమవుతోంది. వస్తానండి," అంది. గుమ్మం దగ్గర ఆగి, "ఆ పాపను మాత్రం పాడనివ్వండి," అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మాస్టారు లేవలేదు. గేటు చప్పుడైంది. ఆయా వచ్చి గది తాళం వేయాలంది. మిషను ఆపాడు. పెట్టెలో పెట్టబోతూంటే బల్ల మీద పెన్‌డ్రైవ్ కనబడింది. చేతిలోకి తీసుకుని వరండాలోకి పరుగున వచ్చాడు. వీధి చివరిదాకా ఎవరూ లేరు. ఆయా తాళం పట్టుకుని ఎదురుచూస్తోంది. తిరిగొచ్చి దాన్ని తీసిన చోటే పెట్టాడు. ప్యాకెట్ ఇంకా విప్పలేదు, అట్ట మీద బాల్‌పెన్నుతో ముందే పిల్ల పేరు గుండ్రంగా రాసి, కింద 'పాట' అని రాసి ఉంది.